శర్కరాభాసముల అన్వేషణము
(జహీరాబాదులో చేసిన స్మారకోపన్యాస పాఠము)



ఈ ధర్మనిధిని నెలకొల్పిన కుటుంబమువారు ఉపన్యాసకునకు రెండు నియమములు విధించినారు. ఎవరి స్మృతికై ఈ సభ యేటేట కూడుచున్నదో ఆ రసాయనశాస్త్రోపాధ్యాయుని గుణకీర్తనము చేయరాదనునది మొదటిది. చెప్పెడి విషయము ఈ ప్రాంతపు నేలలో మొలచు దేనినైనను తాకవలెననునది రెండవది. మొదటిది పాటించుట కష్టమే యైనను పాటించెదను. రెండవదానికి జహీరాబాదు కంటె అనుకూలమైన స్థలము దొరకుట యరుదు: నీటి వసతిగల ఎఱ్ఱనేలలలో చెరకు, అల్లము, ఆలుగడ్డ, వానపై నాధారపడిన చేలలో జొన్న, కొఱ్ఱ, సామ, కంది, ఆ చేల సాళ్ల నడుమ ఎవరును విత్తకయే మొలచి ఎవరైనను కోసికొని పోదగిన కూరాకులు, చెరువు కట్టలపైనను వాగుల యొడ్డునను లొట్టపీసు పొదలు. వీనిలో కొన్నింటియందు చక్కెర వేషము దాల్చి చక్కెర పనిని చెడగొట్టెడి పదార్థములు దాగియున్నవి. వానిని కనుగొను విధానములను గూర్చి నేడు మనవి చేసెదను.

చక్కెరను కొలుచుట మనకు క్రొత్త గాదు. ఈ ప్రాంతపు చెరకు మిల్లు చేరగానే రసము తీసి, అందు కరగియున్న ఘనపదార్థ మెంతయో బ్రిక్సు మానముతో చూతురు. ధ్రువీకృతమైన కాంతిని ఆ రసము ఎంత కోణము త్రిప్పినదో చూచి సుక్రోజు పాలు గణింతురు. పక్వమైన చెరకు రసమున నూటికి పదునెనిమిది, ఇరువది పాళ్లు కరగిన పదార్థమే యుండును గనుక ఈ కొలతలు మిల్లు వ్యవహారమునకు చాలును. నేను చెప్పబోవు పదార్థములు మల్బరీ ఆకు వంటి సమృద్ధమైన చోటనే ఎండిన బరువులో సుమారు వేయింట ఒక పాలు; పెక్కు మొక్కలలో అంతకన్నను తక్కువ. అదియునుగాక వాని చుట్టును నిజమైన చక్కెరలు రాసులుగా నుండును. నీటిలో కరగుట యందును, నూనెవంటి ద్రావణులలో కరగకుండుట యందును ఉభయులకును భేదము లేదు. వీనికి రంగు లేదు. సాధారణముగా ప్రయోగశాలలో వాడు అతినీలలోహిత కాంతిని గ్రహించు గుణము లేదు. వరిమడిలో ఊద మొలక వరి మొలకవలెనే యుండి, కలుపు తీయువారి చేతిని తప్పించుకొని, వెన్ను వేసిన నాడు గాని పట్టుబడదు. ఈ శర్కరాభాసములకు వెన్ను వేయు దినము కూడ లేదు.

వీనిలో ముఖ్యమైన తెగను రసాయనజ్ఞులు ఇమినో షుగర్లని వ్యవహరింతురు. గ్లూకోజు అణువును వలయముగా భావింపుడు: ఐదు కర్బన పరమాణువులు, ఒక ఆమ్లజని పరమాణువు. ఆ ఆమ్లజని స్థానమున నత్రజనిని నిలిపి, చుట్టునున్న హైడ్రాక్సిల్ సమూహములను యథాస్థానములలో నుంచినచో నోజిరిమైసిన్ అగును. 1966లో జపాను దేశపు శాస్త్రజ్ఞులు దీనిని స్ట్రెప్టోమైసిస్ అను సూక్ష్మజీవిని పెంచిన ద్రవమునుండి వేరుచేసిరి. దానికంటె స్థిరమైనదియు, ఒక హైడ్రాక్సిల్ తక్కువైనదియు నగు డీఆక్సీనోజిరిమైసిన్ 1976లో మల్బరీ వేరుబెరడునందు దొరకినది. మన చిన్నప్రేగు గోడపై నున్న మాల్టేజు, సుక్రేజు మొదలైన ఎంజైములు పిండిపదార్థపు తునుకలను ఛేదించునపుడు, ఛేదింపబడుచున్న చక్కెర క్షణమాత్రము ధనావేశము పూనును; ఎంజైము కుహరములోని ఋణావేశ భాగములు ఆ క్షణమునకే అమర్చబడి యున్నవి. శర్కరాభాసములోని నత్రజని ప్రోటానును గ్రహించి ఆ ధనావేశమును ముందే దాల్చి వచ్చును గనుక నిజమైన చక్కెర కంటెను దృఢముగా కుహరమున నాటుకొనును, కాని తెగదు. అది నాటుకొనియున్నంతవరకు ఆ ఎంజైము మరియొక పనికి పనికిరాదు. భోజనముతో మ్రింగుమని వైద్యులు షుగరు రోగులకు వ్రాయు వోగ్లిబోస్ మాత్ర ఈ తర్కముమీదనే ఆధారపడినది. మిగ్లిటాల్ అను మందు డీఆక్సీనోజిరిమైసిన్‌కు స్వల్పమైన మార్పు చేయగా వచ్చినది. మరియొక మార్పువలన వచ్చిన మిగ్లుస్టాట్ 2002లో యూరపు ఖండమున గోషే అను వంశపారంపర్య వ్యాధికి అనుమతి పొందినది.

ఇట్టి పదార్థమును కనుగొను మార్గమేది? నా యభిప్రాయమును ముందే చెప్పివేసెదను. మోసపోయిన ఎంజైమునే మొదటి సాక్షిగా పిలువవలెను. పేరును, రూపమును, పరిమాణమును చెప్పుటకు యంత్రములను పిలువవలెను. రెండు వాఙ్మూలములును ఏకమైన నాడే తీర్పు వ్రాయవలెను. ఈ శాస్త్రపు చరిత్రలో నిలిచిన విజయములలో పెక్కు ఈ మార్గముననే వచ్చినవి. దారి తప్పిన తీర్పులలో పెక్కు ఒంటి సాక్షిని నమ్మినందువలన వచ్చినవి.

ఆస్ట్రేలియాలో స్వైన్సోనా అను చిక్కుడు కుటుంబపు మొక్కను చిరకాలము మేసిన గొఱ్ఱెలు తూలుచు, దిక్కు తోచక తిరుగుచు, క్షీణించి చచ్చెడివి. ఆ దేశపు పశువైద్య శాస్త్రజ్ఞులు వాని కణజాలమును సూక్ష్మదర్శినితో పరిశీలింపగా కణములు బుడగలు బుడగలుగా నుబ్బియుండెను. ఆ చిత్రము ఆల్ఫా మానోసిడేజు అను ఎంజైము పుట్టుకతోనే లోపించిన వ్యాధి చిత్రమును పోలియుండెను. కనుక విషమెట్టిదో తెలియకమునుపే అది ఏ ఎంజైమును బంధించునో వారు ఊహింపగలిగిరి. మొక్క రసమును భాగములుగా విభజించుచు, ఎంజైమును అడ్డగించు గుణము ఏ భాగమున నిలుచునో దానినే వెంబడించుచు పోయి, 1979లో కోల్‌గేట్, డార్లింగ్, హక్స్‌టేబుల్ అనువారు స్వైన్సోనైన్‌ను శుద్ధరూపమున పట్టుకొనిరి. 1982లో అమెరికా పశ్చిమ భాగమున పశువులకు పిచ్చి యెత్తించు లోకో మొక్కలలోను అదియే యున్నదని తేలినది. అట్టి పరీక్షలకు ఈనాటికిని ఎక్కువగా వాడబడు మానోసిడేజు మన చమ్మకాయకు దగ్గర బంధువైన జాక్ బీన్ గింజలనుండి తీసినది. కూరకు కోసికొను కాయల జాతియే విషపరీక్షకు పనిముట్టైన దన్నమాట.

ఈ కథ మనకు దూరము గాదు. ఉష్ణమండలపు అమెరికా నుండి వచ్చి మన కుంటలను కాలువలను ఆక్రమించిన లొట్టపీసు, అనగా ఐపోమియా కార్నియా, స్వైన్సోనైన్‌నే గాక కాలిస్టెజిన్లు అను మరియొక తెగ శర్కరాభాసములను గూడ ధరించును. మొజాంబిక్ దేశమున ఈ మొక్కను మేసిన మేకలకు కలిగిన నాడీరోగమును పరిశోధించినవారు ఈ రెంటిని అందు గుర్తించి 1999లో ప్రకటించిరి. పశువు దీనిని ముట్టదని మన పల్లెలలో అందురు; వేరు మేత యున్నంతవరకు అది నిజమే. పచ్చగడ్డి లేని వేసవిలో పచ్చగా నిలుచునది ఇదియే యగుట మాత్రము కాపరులు గమనింపవలసిన విషయము. ఇందులో రసాయనజ్ఞుని గర్వమును అణచు విశేషమొకటి గలదు: స్వైన్సోనైన్‌ను చేయునది మొక్క గాదు, మొక్క కణజాలములో కాపురముండు ఒక శిలీంధ్రము. శిలీంధ్రనాశకముతో శుద్ధిచేసిన గింజలనుండి పెరిగిన మొక్కలలో కాలిస్టెజిన్లు యథాప్రకారము ఉండగా స్వైన్సోనైన్ కనబడలేదని 2013లో వెల్లడియైనది. కాబట్టి ఒక పొదను పరీక్షించి ఊరి పొదలన్నింటిని నిర్దోషములనుట చెల్లదు.

కాలిస్టెజిన్లను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. ఏలనన ఆలుగడ్డ పండించు ఈ ప్రాంతమునకు వానితో నేరుగా సంబంధము గలదు. వంకాయ, టొమాటో, మిరప, ఆలుగడ్డ, పొగాకు, ఉమ్మెత్త ఇవన్నియు ఒకే కుటుంబము. ఆ కుటుంబపు ఆల్కలాయిడులను శోధించినంతగా రసాయనజ్ఞులు మరియొక దానిని శోధించి యుండరు. అయినను 1988 వరకు కాలిస్టెజిన్ల ఉనికియే లోకమునకు తెలియదు. అప్పటికైనను వానిని కనుగొన్నవారు ఆహారపరీక్షకులు గారు. వేళ్ల చుట్టు నివసించు సూక్ష్మజీవులకును మొక్కకును గల సంబంధమును శోధించుచున్న ఫ్రెంచి శాస్త్రజ్ఞులు. ఒక తీగజాతి వేరు రసమును కాగితముపై విద్యుత్ప్రవాహముతో నడపి, వెండి నైట్రేటు చల్లగా క్రొత్త మచ్చలు కనబడినవి. అంతవరకు ఎవరికిని కనబడకుండుటకు కారణము విచారింపుడు. ఆల్కలాయిడును వెలికితీయు పాఠ్యగ్రంథపు పద్ధతి ఏమనగా, రసమును క్షారముచేసి క్లోరోఫారము వంటి ద్రావణితో కుదిపి, ద్రావణిని భద్రపరచి, నీటిని పారబోయుట. కాలిస్టెజిన్లు నీటిని విడువవు. తరతరముల రసాయన విద్యార్థులు పారబోసిన నీటిలోనే అవి కొట్టుకొని పోయినవి. విధానము తాను వెదకుదానినే చూచును, తక్కినదానిని తొట్టిపాలు చేయును. అటుపిమ్మట 1990 ప్రాంతపు దశాబ్దమున ఆలుగడ్డయందును ఇతర కూరగాయలయందును వీనిని వరుసగా గుర్తించిరి. ఆలుగడ్డలో ఏ3, బీ2 అను రెండును ముఖ్యములు. లోపలి గుజ్జుకంటె తొక్కలో అధికము, మొలకలలో మరింత అధికము. బీ2 బీటా గ్లూకోసిడేజును, ఆల్ఫా గాలక్టోసిడేజును బలముగా అడ్డగించును. ఆలుగడ్డ తినినందువలన ఈ పదార్థములచే మనుష్యులకు కీడు కలిగినట్లు స్థాపితము కాలేదు. మొలకెత్తి పచ్చబడిన గడ్డను విడువుమనుటకు సొలనిన్ అను వేరొక విషము చాలు. ఈ మాటను పత్రికలవారు సగము విని వ్రాయకుందురు గాక.

ఇక ప్రయోగశాలలోనికి పోవుదము. ఆకునో గడ్డనో పొడిచేసి, సగము నీరు సగము ఆల్కహాలు గల ద్రవముతో సారము దింపుదురు. ఆ సారమును ఆమ్లస్వభావముగల అయాన్ వినిమయ రెసిను నింపిన గొట్టముగుండ పోయుదురు. నత్రజని ధనావేశము దాల్చి రెసినును పట్టుకొనును. నిజమైన చక్కెరకు ఆవేశము లేదు గనుక నీటితో కడిగివేసిన వెడలిపోవును. పిదప పలుచని అమ్మోనియా ద్రవము పోసినచో శర్కరాభాసములు దిగివచ్చును. వానితోపాటు లైసీను, ఆర్జినీను వంటి క్షార ఆమినో ఆమ్లములును దిగును. వానిని వేరుపరచుట తరువాతి పని. ఇంత సులభమైన మెట్టు మరియొకటి లేదు. ఇంత విలువైనదియు లేదు. వేషధారిని జనసమ్మర్దమునుండి ఈవలకు పిలుచుట ఇక్కడనే జరుగును.

తరువాత మార్గములు పెక్కు. వాయు క్రొమటోగ్రఫీలో నడిపింపవలెనన్న పదార్థము ఆవిరి కావలెను. హైడ్రాక్సిళ్లతో నిండిన ఈ అణువులు ఆవిరి కాకమునుపే మాడిపోవును గనుక ప్రతి హైడ్రాక్సిలునకు సిలికాన్ సమూహమును తొడుగుదురు. సారములో తడి మిగిలినచో ఆ కారకము నీటితోనే వ్యయమైపోవును. ఓపిక లేనివాని చేత ఈ పద్ధతి సాగదు. ద్రవ క్రొమటోగ్రఫీలో రంగులేని అణువును చూచుటకు, దానికి ప్రతిదీప్తినిచ్చు ఎఫ్‌మాక్ తోకను అతికింతురు. మల్బరీ ఆకులో డీఆక్సీనోజిరిమైసిన్‌ను కొలుచుటకు ఇది చక్కని పద్ధతి. కాని నత్రజనికి ఒక హైడ్రోజనైనను మిగిలియున్నపుడే ఆ తోక అతుకును. స్వైన్సోనైన్‌లోను, ఆస్ట్రేలియా చెట్టొకదాని గింజలలో దొరకిన కాస్టనోస్పెర్మిన్‌లోను నత్రజని రెండు వలయముల కూడలిలో చిక్కుకొని హైడ్రోజనును కోల్పోయినది. వానిని ఈ పద్ధతి చూడజాలదు. చూడలేదనుటకును లేదనుటకును గల భేదము మరచినవారు ఈ యొక్క పరీక్షతో మొక్కకు యోగ్యతాపత్రము వ్రాసియిత్తురు.

ఏ తోకయు అక్కఱలేని పద్ధతి నేడు ప్రబలినది: నీటిని ప్రేమించు స్తంభముపై వేరుపరచి, ద్రవ్యరాశి వర్ణమాపకములో తూచుట. దానికి కొండంత సామర్థ్యము గలదు, ఒక లోపము గలదు. డీఆక్సీనోజిరిమైసిన్ అణుభారము 163. డెరిస్ ఆకులలో 1976లో దొరకిన డీఎండీపీ అనుదాని అణుభారమును 163. ఒకటి ఆరంచుల వలయము, మరియొకటి ఐదంచుల వలయము. గ్లూకోజు వేషధారికిని మానోజు వేషధారికిని ఒక్క హైడ్రాక్సిల్ దిక్కుమాత్రమే భేదము. తూకమునకు ఇద్దరును సమానులే. కుడియెడమలు తారుమారైన జంటలను సాధారణ స్తంభము గూడ వేరుచేయదు. కనుక శుద్ధమైన నమూనాతో పోల్చక, తగినంత పదార్థము దొరకినపుడు అయస్కాంత అనునాద వర్ణపటము తీయక, అణుభారము కలిసినదని పేరు పెట్టుట సాహసము. సాహసములు ముద్రితములైనవి చాల గలవు.

ఎంజైము సాక్ష్యమునకు వత్తము. పరానైట్రోఫినైల్ అను గుంపును చక్కెరకు తగిలించి ఎంజైమునకు ఇత్తురు; ఎంజైము దానిని తెంపగా, క్షారము కలిపినచో పసుపురంగు పుట్టును; దానిని 405 నానోమీటర్ల కాంతిలో కొలుతురు. మొక్క సారము కలిపినపుడు పసుపు తగ్గినచో అడ్డగించునది ఏదో యున్నదన్నమాట. పరికరము చౌక, పని త్వరితము. మన డిగ్రీ కళాశాలలలోనే చేయవచ్చును. అందుచేతనే దుర్వినియోగమును ఎక్కువ.

మొదటి చిక్కు ఎవరి ఎంజైమును అడుగుచున్నామనునది. సులభముగా కొనదగినది ఈస్టునుండి తీసిన ఆల్ఫా గ్లూకోసిడేజు. పరిశోధన పత్రములలో ఎక్కువపాలు దీనినే వాడినవి. కాని అది మన ప్రేగులోని ఎంజైమునకు దగ్గర చుట్టము గాదు. షుగరు రోగుల ప్రేగులో బాగుగ పనిచేయు అకార్బోజ్ ఈస్టు ఎంజైమును దాదాపు ముట్టదు. డీఆక్సీనోజిరిమైసిన్ సైతము ఎలుక ప్రేగు ఎంజైమును అత్యల్ప మాత్రలో బంధించి, ఈస్టుదాని ముందు బలహీనమగును. ఇందుకు విపర్యయముగా ఈస్టు ఎంజైమును స్తంభింపజేసిన పదార్థము మన కడుపులో నిష్ప్రయోజనము కావచ్చును. రెండవ చిక్కు టానిన్లు. ఎఱ్ఱజొన్నల పొట్టులోను, చోళ్లలోను, కరక్కాయలోను గల పాలీఫినాళ్లు ఏ ప్రొటీను కనబడినను దానిని చుట్టివేయును. ఎంజైమును అవి అడ్డగించుట చక్కెర వేషముచేత గాదు. చిరుధాన్యము తిన్న షుగరు దిగునను ప్రచారమునకు ఆధారముగా చూపు పరీక్షలలో కొన్ని శుద్ధిచేయని సారముతో ఈస్టు ఎంజైముపై చేసినవి. చిరుధాన్యము మంచి యాహారము. పీచును, నెమ్మదిగా జీర్ణమగు పిండియు దానికి చాలిన కీర్తి. లేని గుణమును తగిలించుట ఈ నేలపై దానిని దశాబ్దములుగా కాపాడిన స్త్రీలకు చేయు ఉపకారము కాదు. రెసిను మెట్టు ఇచట మరల అక్కఱకు వచ్చును: పాలీఫినాళ్లు నీటితో ముందే పోవును; అమ్మోనియాతో దిగిన భాగములో అడ్డగించు గుణము నిలిచినచో అప్పుడు సంగతి ఆలోచింపదగినది.

అయినను రెసినే సర్వస్వమనుకొన్నచో మరియొక వేషధారి తప్పించుకొనును. సింహళమునను దక్షిణ భారతమునను షుగరు రోగమునకు వాడు సలేషియా జాతి తీగలనుండి 1997లో జపాను శాస్త్రజ్ఞులు వేరుచేసిన సలాసినాల్‌లో నత్రజనియే లేదు; ధనావేశము గంధకముపై నున్నది, అదే అణువులో సల్ఫేటు ఋణావేశముతో దానిని సరిపెట్టును. ఆవేశము తీరిన ఈ అణువు ఆమ్ల రెసినుపై నిలువదు. పొడపత్రి ఆకును గూడ కొందరు ఈ కోవలో చేర్తురు, అది పొరపాటు. నమిలినపుడు నాలుకపై తీపిని మాపు దాని జిమ్నీమిక్ ఆమ్లములు చక్కెర రూపములు గావు.

ఎవరి ఎంజైము అను ప్రశ్నకు మల్బరీ తోట కంటె చక్కని ఉత్తరము లేదు. పట్టుపురుగు మల్బరీ ఆకును తినియే బ్రతుకును; హిందూపురపు రైతుల జీవనమే దానిపై నిలిచినది. ఆముదపు ఆకు మేయు ఎరి పట్టుపురుగునకు మల్బరీ ఆకు వేసినచో పెరగక చచ్చును. 2006లో కొన్నో మొదలైన జపాను పరిశోధకులు దీని రహస్యమును ఆకు తెంచినపుడు కారెడి పాలలో కనుగొనిరి: ఆ పాలు శర్కరాభాసములతో నిండియున్నవి, ఆకును సన్నగా తరిగి పాలను కడిగివేసి పెట్టగా ఎరి పురుగు సుఖముగా పెరిగినది. మల్బరీ పురుగు మాత్రము, ఈ పదార్థములు బంధింపజాలని వేరొక సుక్రేజును సంపాదించుకొన్నది. ఆ జన్యువు పూర్వమెన్నడో సూక్ష్మజీవులనుండి వచ్చినదని తరువాత తేలినది. ఒకే ఆకు, రెండు పురుగులు, రెండు వాఙ్మూలములు.

సరియైన విధానమొకటి ఎంత దూరము చూపగలదో చూడుడు: భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కె అను శాస్త్రజ్ఞునితో కూడి 1925లో ప్రకటించిన భాస్వరము కొలుచు పద్ధతి ఒక నీలిరంగు పరీక్ష మాత్రమే. అయినను జీవకణములోని శక్తివ్యవహారమును చూచుటకు ఒక తరమంతకు అది కన్నైనది. ఆహార విషయమున మనకట్టి కన్ను ఇంకను ఏర్పడవలసియున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన భారతీయ ఆహార సంఘటన పట్టికలలో 528 ఆహారములకు ప్రొటీను, ఖనిజములు, ఆక్సలేటులు, ఫైటేటులు మొదలగునవి గలవు. శర్కరాభాసములకు గడి లేదు. ఇది నింద గాదు. అంతటి మహాకార్యములో ప్రతిదానికి చోటుండదు. ఆ గడిని పూరించు పని ఈ ప్రాంతముననే యారంభింపవచ్చునని నా మనవి. పస్తాపూరు కేంద్రముగా 1983లో మొదలైన దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘముల స్త్రీలు విత్తకయే మొలచు కూరాకులను ఎరిగినంతగా వృక్షశాస్త్ర శాఖలెరుగవు. వానిలో ఎలుకచెవికూర కాలిస్టెజిన్లు తరచుగా దొరకు తూటి కుటుంబమునది. కామంచి ఆలుగడ్డ కుటుంబమునది. ఈ రెంటిని, ఇచటి ఆలుగడ్డ తొక్కను, లొట్టపీసును మొదట తీసికొనవలెను. లేతాకును ముదురాకును, తొలకరి కోతను మాఘమాసపు కోతను, వేర్వేరు చేలనుండి వేర్వేరుగా సేకరింపవలెను. మల్బరీలో లేతకొనయందే డీఆక్సీనోజిరిమైసిన్ అధికమని తెలిసియు ఆకులన్నింటిని కలిపి దంచుట అర్థము లేని పని. పచ్చియాకును, ఉడికిన కూరను, వంపిన నీటిని విడివిడిగా కొలువవలెను. ఇవి నీటిని వీడనివి గనుక వంటలో ఎంత నిలుచునో ఊహించి వ్రాయరాదు. ఎలుక ప్రేగు ఎంజైములను, జాక్ బీన్ మానోసిడేజును ముందుగా అడిగి, పట్టుబడినదానినే వర్ణమాపకమునకు పంపిన వ్యయము తగ్గును. సలాసినాల్ వంటివి తప్పిపోకుండ రెసినుపై నిలువక పోయిన నీటిని గూడ ఒక పాలు దాచి అడుగవలెను. ఫలితములను మొదట ఆ కూరాకులు కోసియిచ్చిన వారికి తెలుగున చెప్పవలెను. లేదని చెప్పిన ప్రతిచోట, ఎంతకు తక్కువైనచో ఈ విధానమునకు కనబడదో ఆ యంకెను గూడ ప్రక్కనే ముద్రింపవలెను.